బయటివైపు గొళ్లెం

ఆ గొళ్లెం చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది.

గదిలో మనిషి ఉండేటప్పుడు గొళ్లెం లోపలివైపు ఉండాలి. ఇది బయటివైపు ఉంది. తలుపు రంగు ఎప్పుడో వెలిసిపోయింది గానీ గొళ్లెం మాత్రం కొత్తది, తళతళలాడుతోంది. దొరికిపోయావు అమ్మగారూ అనుకున్నాను మనసులో, ఆ ఇంటి పెద్దావిడని ఉద్దేశించి. ఇక జడ్జిగారికి ఫోన్ చేసి రెండు ముక్కలు చెప్పి ఇంటికెళ్లి పడుకోవచ్చనిపించింది.

అంత తేలిగ్గా తేలేదయితే దీని గురించి చెప్పుకునే పనే లేదు.

పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక నన్ను పోషిస్తున్నవి హత్యలూ దోపిడీలూ కావు, ఫ్యామిలీ కోర్టు. తమ బాగోగులు తాము చూసుకోలేని పెద్దవాళ్లకి కోర్టు ఒక గార్డియన్‌ని పెడుతుంది. ఎక్కడుండాలి, ఏ డాక్టరు దగ్గరికెళ్లాలి, అన్నిటికీ ఆ గార్డియన్ మాటే చెల్లుతుంది. ఆ గార్డియన్ మీదే ఫిర్యాదు వచ్చినప్పుడు జడ్జిగారు నన్ను పంపిస్తారు. వెళ్లి, చూసి, ఉన్నదున్నట్టు చెప్పడం నా పని.

ఈసారి ఫిర్యాదు ఫోన్లో వచ్చింది. చేసినవాడు పేరు చెప్పలేదట.

"ఎవడో తాగి చేశాడు మేడమ్. నాలిక మడతపడిపోతోంది. పొద్దున్నే తాగావా అని కూడా అడిగాను. ఇంటి నంబరూ, గదిలో పెట్టి గొళ్లెం వేస్తున్నారు, ఎవరైనా రండి అన్న ముక్కా, అంతవరకే అర్థమయింది" అన్నాడు ఫోనెత్తిన గుమాస్తా.

ఆ నంబరు ఇంట్లో ఉండేది ఇద్దరే, ఒక అక్కా ఒక తమ్ముడూ. తమ్ముడికి నలభై నాలుగేళ్లు. పుట్టుకతోనే కాళ్లు బిగుసుకుపోయాయి, మాట స్పష్టంగా రాదు, చక్రాల కుర్చీలో ఉంటాడు. పద్దెనిమిదేళ్లు నిండగానే కోర్టు అతనికి గార్డియన్‌ని పెట్టింది. మొదట తల్లి, ఆవిడ పోయాక అక్క. ఆ అక్కకి ఇప్పుడు అరవై దాటింది.

లోపలికి వెళ్లే ముందు పక్కింట్లో ఉండే డ్రాయింగు మాస్టారిని పలకరించాను. ఉద్యోగం నుంచి దిగిపోయిన మనిషి, అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"అరుపులేమైనా వినపడతాయా మాస్టారూ?"

"మధ్యాహ్నం పూట అప్పుడప్పుడూ వినపడతాయమ్మా. తలుపు తియ్యి, తలుపు తియ్యి అని. రెండు గోడల మధ్య జానెడు సందేగా, ప్రతి ముక్కా వినిపిస్తుంది."

"మరి ఎప్పుడూ వెళ్లి అడగలేదా?"

"ఒకళ్లింటి గొడవలో మనమెందుకు తలదూర్చడమని..." నీళ్లు నమిలాడు. "నిన్న ఇంకో ఆయన కూడా వచ్చి ఇవే అడిగాడు. బట్టలు చూస్తే ఇప్పుడే ఇస్త్రీపెట్టె కింద నుంచి తీసినట్టున్నాయి."

ఎవరో నాకర్థమయింది. నాతోపాటే పోలీసులో చేరి, నాకంటే ముందే మానేసి, ఎవరు పిలిస్తే వాళ్ల తరఫున ఆరాలు తీసే పెద్దమనిషి. ఎండలో నడిచొచ్చినా చొక్కా మీద ఒక్క ముడత ఉండదు. మేమంతా అతన్ని ఇస్త్రీ అనేవాళ్లం. ఇస్త్రీ ఈ ఇంటి చుట్టూ తిరుగుతున్నాడంటే అతన్ని పంపినవాళ్లు ఎవరో ఉన్నారన్నమాట.

తలుపు తీసింది అక్క. సన్నగా, పొడుగ్గా, శుభ్రమైన చీరలో ఉంది. ఆవిడ వెనకే కుర్చీ తోసుకుంటూ తమ్ముడొచ్చాడు. ఎడమచెయ్యి వంకర తిరిగి ఛాతీకి అతుక్కుపోయింది, కుడిచెయ్యి బాగానే ఆడుతోంది. తలకి నూనె రాసి పాపిడి తీశారు, చొక్కా గుండీలు మెడదాకా పెట్టారు. గుమ్మం పక్కన గోడకి ఆనించి ఒక బట్టల సంచి ఉంది.

అతను నావైపు చూసి ఏదో అన్నాడు. నాకు గొంతులో గరగర తప్ప ఏమీ వినపడలేదు.

"కూర్చోమంటున్నాడు. ఎండన పడి వచ్చారు, మంచినీళ్లు తాగుతారా అంటున్నాడు" అంది అక్క తడుముకోకుండా. నలభై ఏళ్లుగా అతని మాట బయటివాళ్లకి చేరేది ఆవిడ నోటిగుండానే అని కోర్టులో నాకు చెప్పారు. అది నిజమే.

బల్ల దగ్గర కూర్చున్నాం. తమ్ముడు తన కుర్చీ తెచ్చి అక్క మోచేతికి ఆనుకునేంత దగ్గరగా పెట్టుకున్నాడు. నేను మొదలుపెట్టాను.

"పొద్దున్నే ఎన్నింటికి లేస్తారమ్మా?"

తమ్ముడి గొంతు గరగరమంది. "ఆరింటికి" అందావిడ.

"మందులు ఎప్పుడు వేస్తారు?"

మళ్లీ గరగర. "రాత్రి అన్నం తిన్నాక."

"ఈ మధ్య డాక్టరుకి చూపించారా?"

గరగర. "చూపించాను. పోయిన నెల."

నాకు చిరాకొచ్చింది. నేను అడగడం, అతను మధ్యలో దూరడం. "బాబూ, నేను మిమ్మల్ని కాదు, ఆవిడని అడుగుతున్నాను. కాసేపు ఆగండి" అన్నాను, చిన్నపిల్లాడిని గదమాయించినట్టు. అతను నోరు మూసుకున్నాడు.

"వంట ఎవరు చేస్తారు?"

ఆవిడ జవాబు చెప్పలేదు. తమ్ముడి మొహంలోకి చూసింది. అతను నా మొహంలోకి చూశాడు. ఇద్దరి కళ్లలోనూ భయం ఉంది.

"నాకు నడుం నొప్పమ్మా. ఒంగలేను" అంది చివరికి.

"నేనడిగింది వంట గురించి."

"అదే చెప్తున్నాను. ఒంగలేను."

ఇరవై ఏళ్లు జనాన్ని ప్రశ్నలడిగి బతికినదాన్ని. అడ్డం తిరిగే మనిషినీ, అబద్ధం వెతుక్కునే మనిషినీ గుర్తుపట్టలేనా అనుకున్నాను. వీళ్లు భయపడుతున్నారని సరిగ్గానే చదివాను. దేనికి భయపడుతున్నారన్న దగ్గరే పప్పులో కాలేశాను.

"గదులు చూడాలి" అని లేచాను. అక్క కూడా లేచి వసారాలోకి దారి తీసి, నాలుగడుగులు వేసి, ఎటు వెళ్లాలో తోచనట్టు ఆగిపోయింది. అప్పుడే నా కంటపడింది ఆ గొళ్లెం.

చెప్పానుగా, ఒళ్లు మండిపోయిందని. గొళ్లెం లాగి, తలుపు బార్లా తెరిచి లోపలికి అడుగుపెట్టాను. పెట్టబోయి గడప తట్టుకుని ముందుకు తూలాను. అదీ ఒకందుకు మంచిదే అయింది. తట్టుకున్న కాలు పట్టుకుని అక్కడే కూర్చోబట్టి గడపని దగ్గర్నుంచి చూశాను.

నాలుగు వేళ్ల ఎత్తు గడప అది. వసారాలో మిగతా గదుల గడపలన్నిటికీ చెక్క పలకలు వాలుగా బిగించి ఉన్నాయి, కుర్చీ ఎక్కి దిగడానికి. దీనికి మాత్రం లేదు. నాపరాళ్ల మీద చక్రాల రబ్బరు గీతలు నల్లగా రెండు, వసారా పొడుగునా వచ్చి ఈ గడప ముందు ఆగి వెనక్కి తిరిగిపోయాయి. లోపల ఒక్క గీత కూడా లేదు.

గదిలోకి వెళ్లాను. మంచానికీ గోడకీ మధ్య నేను ఏటవాలుగా తిరిగితే తప్ప పట్టడం లేదు, ఇక చక్రాల కుర్చీ సంగతి చెప్పనక్కర్లేదు. మంచం కింద ఒక జత చెప్పులున్నాయి, మడమల దగ్గర బాగా అరిగినవి. కాళ్లు నేలకి ఆనని మనిషి చెప్పులు మడమల దగ్గర అరగవు. అద్దం పక్కన దువ్వెనలో పొడుగాటి నెరిసిన వెంట్రుకలున్నాయి.

ఇది తమ్ముడి గది కాదు, అక్కది.

బయటికొచ్చి మళ్లీ గొళ్లెం చూశాను. ఎవరైనా గొళ్లెం బిగిస్తే ఛాతీ ఎత్తులో బిగిస్తారు. ఇది నా తుంటి దగ్గరుంది. మరమేకులు నాలుగూ నాలుగు దిక్కులు చూస్తున్నాయి, ఒకదాని తల గీకీ గీకీ నున్నబడిపోయింది. బల్ల దగ్గర్నుంచి ఒక కుర్చీ లాక్కొచ్చి తలుపు ముందు వేసుకుని కూర్చున్నాను. చెయ్యి చాపితే గొళ్లెం సరిగ్గా చేతికి అందింది.

ఇక మాస్టారి మాట గుర్తొచ్చింది. తలుపు తియ్యి అన్న కేక ప్రతి ముక్కా స్పష్టంగా వినిపిస్తుందన్నాడు ఆయన. ఈ ఇంట్లో ముక్క ముక్కా స్పష్టంగా పలకగలిగే గొంతు ఒక్కటే ఉంది. అది అక్కది.

నేరుగా వంటింట్లోకి నడిచాను. పై అరలన్నీ ఖాళీ, దుమ్ము పేరుకుని ఉన్నాయి. సామానంతా కింది అరల్లో ఉంది. గ్యాసు స్టవ్ నా మోకాలికి కాస్త పైన, పొట్టి బల్ల మీద కూర్చుంది. నడుం వంగని మనిషి స్టవ్‌ని అంత కింద పెట్టుకోదు. పైగా దానికి నాబ్‌లు లేవు, మేకుల్లాంటి కాడలు మాత్రం మిగిలాయి.

వెనక్కి తిరిగితే గుమ్మంలో తమ్ముడున్నాడు. అతని కుర్చీ చేతికి ఒక గుడ్డసంచి వేలాడుతోంది. "చూడొచ్చా?" అని అడిగాను. మొదటిసారి అతన్ని అడిగాను. అతను తలూపాడు. సంచిలో రెండు స్టవ్ నాబ్‌లూ, ఒక స్క్రూడ్రైవరూ ఉన్నాయి.

"మీరు ఇక్కడే ఉండండి. నేను మీ అక్కతో ఒక్క నిమిషం మాట్లాడొస్తాను" అన్నాను. అతను వద్దన్నట్టు చెయ్యెత్తాడు. నేను ఆగలేదు.

అక్క బల్ల దగ్గరే కూర్చుని చీర కొంగు మడతలు పెడుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"మీ తమ్ముడికి ఎన్నేళ్లమ్మా?"

"తొమ్మిది నిండాయి." ఆవిడ మొహం విప్పారింది. "బలే చురుకు. మాటే కొంచెం తేడా, బుర్రంతా వాడిదే. వాడిని బడికి పంపిస్తున్నాం తెలుసా? అమ్మ బజారు నుంచి రాగానే చెప్పాలి. నిన్న వాడు స్నానంలో ఉండగా ఒకాయన వచ్చాడు, మంచిగా ఉన్నాడు మనిషి. అక్కడే ఉండి చదువుకోవచ్చు, బండి పంపిస్తాం అన్నాడు. సరే అన్నాను. సంతకం కూడా పెట్టాను. అందుకే పొద్దున్నే తల దువ్వి చొక్కా వేశాను."

బట్టల సంచి ఎందుకు సర్దిందో, ఇస్త్రీ నిన్న ఎందుకొచ్చాడో, రెండూ ఒక్కసారే తెలిశాయి.

వంటింట్లోకి వెళ్లి ఒక పీట లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాను. "చెప్పండి. తొందరేం లేదు" అన్నాను.

అతను చెప్పాడు. నాకర్థం కాలేదు. మళ్లీ చెప్పాడు. ఈసారి అతని పెదాలని చూడటం మానేసి, తల వంచుకుని విన్నాను. మాటలు మెల్లగా విడిపోయాయి. రెండు ముక్కల తర్వాత మూడోది సులువయింది. పావుగంట గడిచేసరికి నాకు సగానికి పైగా అందుతున్నాయి. ఇంతోటి దానికి ఇన్నేళ్లు ఎవరూ కూర్చోలేదా అని సిగ్గేసింది.

"రెండేళ్లయింది. మొదట పేర్లు మర్చిపోయింది. తర్వాత స్టవ్ వెలిగించి మర్చిపోయింది" అన్నాడు.

"అందుకని నాబ్‌లు మీ దగ్గర."

"వంట నేనే. ఒక చేత్తో. బాగోదు." నవ్వాడు. నవ్వుతుంటే అక్క పోలికే.

"ఇందాక నేనడుగుతుంటే మీరు గరగరమన్నది..."

"జవాబులు అందిస్తున్నాను. నేనన్నది అనడం తనకి అలవాటు. తనంతట తను వెతుక్కోవాలంటే కష్టం. నేనంటే చాలు, వచ్చేస్తుంది."

నేను అతన్ని నోరు మూసుకోమన్న సంగతి ఇద్దరికీ గుర్తుంది. అతను ఎత్తలేదు.

"మధ్యాహ్నం గొళ్లెం ఎందుకు?"

"నేను గంటసేపు పడుకోవాలి. లేకపోతే ఒళ్లు పట్టేస్తుంది. నేను నిద్రపోతే తను బయటికెళ్లిపోతుంది. అమ్మ కోసం." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "పోయిన వారం గొళ్లెం వెయ్యకుండానే కునుకు పట్టేసింది. లేచేసరికి లేదు. గేటుదాకా వెళ్లాను. దాని అవతల మెట్లు. రోడ్డు మధ్యలో నిలబడి ఉంది, లారీలు పక్కనుంచి పోతున్నాయి. అరిచాను. అందరూ నన్ను చూశారు. ఒక్కడికీ అర్థం కాలేదు."

"ఎవరు తీసుకొచ్చారు?"

"తనే వచ్చింది. నేను ఏడుస్తున్నానని."

బయట గడియారం చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.

"కోర్టుకి ఫోన్ చేసింది మీరే కదా?" అన్నాను.

"తాగావా అన్నాడు."

"రెండేళ్లు దాచి ఇప్పుడెందుకు చేశారు?"

"చెప్తే విడదీస్తారు, నన్నొక చోటికీ తననొక చోటికీ. చెప్పకపోతే ఏదో ఒకరోజు లారీ కింద పడుతుంది. నేనొక్కణ్ణే చూసుకోలేను, కానీ సాయం ఉంటే చూసుకోగలను. ఎవరైనా వస్తే గొళ్లెం చూస్తారు, చూస్తే అడుగుతారు అనుకున్నాను." నా వైపు చూశాడు. "మీరు అడగడానికి కొంచెం టైం పట్టింది."

"మీకసలు గార్డియన్ ఎందుకు పెట్టారు?"

"పద్దెనిమిదేళ్లప్పుడు జడ్జి నీ పేరేంటి అన్నాడు. చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు. అంతే."

వీధిలో హారన్ మోగింది. అతని మొహం పాలిపోయింది. ఆ బండి సంగతి అతనికి తెలియదు, కానీ సంచి సర్దినప్పటి నుంచీ ఏదో అనుమానపడుతూనే ఉన్నాడట.

నేను గుమ్మంలోకి వెళ్లేసరికి ఇస్త్రీ గేటు దగ్గర మెట్లెక్కుతున్నాడు. వెనక తెల్ల వ్యాన్, అందులో తెల్లబట్టల్లో ఇద్దరు మనుషులు. వికలాంగులని ఉంచుకునే ఏదో హోమ్ పేరు వ్యాన్ మీద ఉంది.

"ఏం తల్లీ, కోర్టు నిన్ను కూడా తోలిందా?" అన్నాడు.

"నిన్నెవరు తోలారు?"

"వీళ్ల మేనమామ కొడుకు. పాపం, బంధువన్నాక బెంగ ఉంటుంది కదా. మగదిక్కు లేని ఇల్లు."

"ఇంట్లో నలభై నాలుగేళ్ల మగాడున్నాడు. ఆ బెంగ మనిషి మీదా, ఇంటి మీదా?"

"అది నాకు అనవసరం. నీకూ అనవసరం." జేబులోంచి కాయితం తీసి ఊపాడు. "గార్డియన్ ఒప్పుకుంది. సంతకం పెట్టింది. గార్డియన్ మాటే చట్టం, ఆ పాఠం నాకు నువ్వు చెప్పక్కర్లేదు."

"ఆవిడ బడికి పంపిస్తున్నాననుకుని పెట్టింది ఆ సంతకం. ఆవిడకి మతి నిలకడగా లేదు. ఆ సంగతి నీకు నిన్ననే తెలుసు."

ఇస్త్రీ నవ్వాడు. నేను ఆ మాట అనాలనే అతను ఎదురుచూస్తున్నాడని అప్పుడు తెలిసింది, అప్పటికే నాలిక జారింది.

"మతి ఉందా, సంతకం చెల్లుతుంది, తీసుకెళ్తాను. మతి లేదా, అయితే ఆవిడ గార్డియన్‌గా పనికిరాదు. ఇతనికి దిక్కు లేనట్టే. దగ్గరి బంధువు ఎవరయ్యా అని కోర్టు అడుగుతుంది. మేనమామ కొడుకు చెయ్యెత్తుతాడు. అప్పుడు ఇద్దర్నీ తీసుకెళ్తాను, రెండు హోమ్‌లకి. నీకే దారి కావాలో నువ్వే చెప్పు, నాకేం పంతం లేదు."

ఎటు తిప్పినా అతను చెప్పింది నిజమే. నేను ఉన్నదున్నట్టు చెప్తే ఇద్దరూ పోతారు. దాచిపెడితే ఒకడు ఇప్పుడే పోతాడు.

నా వెనక గరగరమంది. నాకర్థమయింది. "మూడో దారి ఉంది" అన్నాడు తమ్ముడు, అదేమిటో కూడా చెప్పాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు ఇస్త్రీ.

"నాకు గార్డియన్ అక్కర్లేదు, అక్కకి కావాలి, నేనుంటాను అంటున్నాడు" అన్నాను.

ఇస్త్రీ పగలబడి నవ్వలేదు, అతనికి అంత మోటుతనం లేదు. "బాగుంది. ఆ ముక్క ఎవరికి చెప్తాడు? ఎవరు వింటారు?" అన్నాడు మామూలుగానే.

నేను జడ్జిగారి సొంత నంబరుకి ఫోన్ చేశాను. ఎంత అవసరమైతే తప్ప చెయ్యొద్దన్న నంబరది. జరిగింది జరిగినట్టు చెప్పాను, ఒక్కటీ దాచలేదు. స్పీకరు పెట్టి ఫోన్ బల్ల మీద ఉంచాను. అక్క అక్కడే కూర్చుని ఉంది, కొంగు మడతలు పెడుతూ.

"అతను చెప్పేది నేను వినొచ్చు. కానీ చట్టం ప్రకారం అతని గార్డియన్ ఒప్పుకోవాలి" అన్నారు జడ్జిగారు.

"ఆ గార్డియన్‌కే బాగాలేదంటున్నాను కదండీ."

"అది తేలేదాకా ఆవిడే గార్డియన్. నిన్న ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే హక్కు కూడా ఆవిడదే. ముందు అతన్ని మాట్లాడనివ్వండి."

ఇస్త్రీ చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. తమ్ముడు కుర్చీ బల్ల దగ్గరికి తోసుకున్నాడు. అక్క మొహం చూడకుండా, ఫోన్‌నే చూస్తూ, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

ఫోన్లోంచి జడ్జిగారి గొంతు: "క్షమించండి. ఒక్క మాట కూడా అందడం లేదు. ఎవరైనా చెప్పండి."

నేను నోరు తెరిచేలోపే అక్క ముందుకు వంగింది. నలభై ఏళ్ల అలవాటు. తమ్ముడు మాట్లాడాడు, ఎదుటివాళ్లకి అర్థం కాలేదు, అయితే చెప్పాల్సింది తను. గొంతు సవరించుకుని, ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పింది.

"మా అక్కకి మతిమరుపు వచ్చింది. రెండేళ్ల నుంచి ఆవిడ నన్ను చూసుకోవడం లేదు, నేనే ఆవిడని చూసుకుంటున్నాను. స్టవ్ ఆపడం మర్చిపోతుంది. రోడ్డు మీదికి వెళ్లిపోతుంది. గదికి గొళ్లెం పెట్టింది నేనే. పెట్టిన రోజు రాత్రంతా ఏడ్చాను. నా మాట తను తప్ప ఎవరూ వినరు, అందుకని ఎవరికీ..."

అక్కడ ఆగిపోయింది. తమ్ముడు ఇంకా చెప్తున్నాడు గానీ ఆవిడ వినడం లేదు. తన నోటినుంచి వచ్చిన మాటలు అప్పుడే తన చెవిన పడ్డాయి. తమ్ముడి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇది నా గురించేగా నాన్నా?"

"అవునక్కా" అన్నాడు. ఆ రెండు ముక్కలూ అందరికీ అర్థమయ్యాయి.

"స్టవ్ నువ్వే ఆపేవాడివా?"

"అవును."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పానక్కా. చాలాసార్లు."

ఇస్త్రీ గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. ఆవిడ తమ్ముడి తలమీద చెయ్యి వేసి పాపిడి సరిచేసింది, కొంగుతో అతని మూతి తుడిచింది. తర్వాత ఫోన్ వైపు తిరిగింది. ఈసారి ఎవరూ అందించలేదు.

"అయ్యా, నేను వీడి గార్డియన్ని. వీడు చెప్పింది నిజం. వీడి మాట మీరు వినాలి, నేను ఒప్పుకుంటున్నాను. నిన్న ఎవరికో సరే అన్నాను, అది ఒప్పుకోవడం లేదు. నన్ను ఏం చేస్తారో నాకు తెలీదు. వాణ్ణి మాత్రం ఎక్కడికీ పంపకండి. వాడికి అన్నీ తెలుసు."

జడ్జిగారు అన్నారు: "బండి వెనక్కి వెళ్లిపోవాలి. ఇప్పుడే. రేపు పదిన్నరకి ఇద్దరినీ కోర్టుకి తీసుకురండి. అతని అర్జీ నేను తీసుకుంటాను, ఒక్క షరతు మీద. ఇప్పుడు ఆవిడ అన్న మాట రేపు నా ఎదుట, తనంతట తనే అనాలి. ఫోన్లో విన్నదాని మీద నేను ఉత్తర్వు ఇవ్వలేను. అనలేకపోతే పాత పద్ధతే, దగ్గరి బంధువుని పిలవాల్సి వస్తుంది. నాకు వేరే దారి లేదు."

ఫోన్ పెట్టేశారు. ఇస్త్రీ కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వ్యాన్ వాళ్లకి వెళ్లమని సైగ చేశాడు. గుమ్మం దాటుతూ నా దగ్గర ఆగాడు. వెటకారం లేదు గొంతులో.

"ఆవిడకిది రేపటిదాకా గుర్తు నిలుస్తుందంటావా?" అన్నాడు.

రాత్రికి ఇక్కడే ఉంటానని తమ్ముడితో చెప్పాను. పడుకోండి, ఆవిడని నేను కనిపెట్టుకుని ఉంటాను అన్నాను. అతను తలూపాడు గానీ చూపంతా అక్క మీదే ఉంది.

వ్యాన్ సందు తిరిగి వెళ్లిపోయింది. అక్క ఆ చప్పుడు ఆగేదాకా వింది. తర్వాత బల్ల మీద ఫోన్‌ని చూసి, నన్ను చూసి, మర్యాదగా నవ్వింది.

"ఎవరమ్మా ఫోన్లో?"

గోడ గడియారం వైపు చూడకుండా ఉండలేకపోయాను. రేపు పదిన్నరకి ఇంకా చాలా టైముంది.

"జడ్జిగారక్కా" అన్నాడు తమ్ముడు.

"జడ్జిగారా? మనకేం పని వాళ్లతో?"

తమ్ముడు ఒక్కసారి కళ్లు మూసుకుని తెరిచాడు. బాగున్న కుడిచేత్తో చక్రం తిప్పుకుని, అక్క మోకాలికి తన మోకాలు తగిలేంత దగ్గరగా జరిగాడు. విసుక్కోలేదు, కంగారు పడలేదు. మొదట్నుంచీ మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు.